నాలుగో చోటు

నిబియాని మనం పోయినవారం తలుపు గడియ మీద చెయ్యి వేసి నిలబడ్డ చోట వదిలేశాం. పాపం, ఇంకా అక్కడే నిలబడి ఉంది.

రెండు నెలలుగా ఆ తలుపు తట్టినవాళ్లు ముగ్గురంటే ముగ్గురు. కరెంటు మీటరు చూసేవాడు ఒకడు. తప్పిపోయిన పిల్లిని వెతుక్కుంటూ వచ్చిన ఎదురింటి ముసలాయన ఒకడు. 'నా అంతట నేనే మానుకుంటున్నాను' అని టైపు కొట్టిన కాగితం మీద సంతకం పెట్టించుకుపోయిన రేడియో స్టేషను గుమస్తా మూడోవాడు. ఇప్పుడు తట్టింది ఎవరో గరుకుటద్దంలోంచే పోల్చుకుంది నిబియా. ఆ పొడుగూ, చంకలో ఆ ఫ్లాస్కూ, కుడి భుజం కాస్త వంచి నిలబడే ఆ తీరూ లా తేహా పేట మొత్తం మీద ఒక్క జుల్మావే.

తెరవకపోతే పోతుందిలే అనుకుంది నిబియా. ఊపిరి బిగబట్టింది కూడా.

"తలుపు కింద నించి నీ చెప్పులు కనపడుతున్నాయే," అంది బయట నుంచి జుల్మా. "ఎండ మాడ్చేస్తోంది. తిట్టేదుంటే లోపల కూర్చోబెట్టి తిట్టు."

నిబియా గడియ తీసింది.

ఈ వారమే ఈ కథలోకి అడుగుపెట్టినవాళ్లకి నాలుగు ముక్కలు చెప్పాలి, తెలిసినవాళ్లు ఓర్చుకోండి. నిబియా లెకువోనాకి అరవై ఒకటి. అందులో ముప్పై నాలుగేళ్లు 'తిరుగు టికెట్టు లేనివాళ్లు' అనే మూర్గా బృందానికి పాటలు రాయడంలోనే పోయాయి. కార్నివాల్ రోజుల్లో ముఖాలకి రంగులు పూసుకుని, బస్సెక్కి, ఒక వేదిక దిగి ఇంకో వేదిక ఎక్కుతూ మాంటెవిడియో అంతా తిరిగి, మంత్రుల్నీ పక్కింటివాళ్లనీ ఒకే నోటితో ఎగతాళి చేసి పాడే బృందం అది. ఆమె చేరినప్పుడు ఆడదాన్ని ఆ బస్సు ఎక్కనిచ్చేవాళ్లు కారు. మొదటి ఐదేళ్లూ ఆమె పాటల కింద ఒక మగవాడి పేరుండేది. కొట్లాడింది, ఏడ్చింది, ఆఖరికి తన పేరు వేయించుకుంది.

ఈ ఏడు కార్నివాల్ పోటీ నడిపేవాళ్లు కొత్త నిబంధన పెట్టారు. ప్రతి బృందంలో కనీసం నలుగురు ఆడవాళ్లు పాడాలి. బృందం పెద్ద వాషింగ్టన్‌కి ముగ్గురే దొరికారు. (వాషింగ్టన్ అంటే గాభరా పడకండి. మా దగ్గర ప్రతి వీధికీ ఒక వాషింగ్టన్ ఉంటాడు, మావాడు టైర్లకి పంక్చర్లు వేస్తాడు.) నాలుగో చోట్లో జుల్మాని లెక్క రాసేశాడు. జుల్మా ఆ బృందంలో ఇరవై తొమ్మిదేళ్లుగా పాడుతోంది. మొదట్లో మగపేరుతో, మగవాడిగా పాడింది. ఇప్పుడు జుల్మాగా పాడుతోంది. అక్టోబరులో ఒక శనివారం పొద్దున రేడియోలో నిబియాని అడిగారు, దీని మీద మీరేమంటారని. నిబియాకి నీళ్లు నమలడం చేతకాదు. "జుల్మా నాకు తోబుట్టువు కన్నా ఎక్కువ. కానీ ఆ నాలుగు చోట్లూ ఆమెవి కావు," అంది.

అంతే. మొదటి సగం ఎవరూ వినలేదు. రెండో సగం ఫోన్లన్నిటిలోకీ ఎక్కింది. బృందంవాళ్లతో సహా నలభై రెండు మంది సంతకాలతో ఉత్తరం వచ్చింది, 'ఇలాంటి మనిషి పాట మా నోట వద్దు' అని. రేడియోలో ఆమె చేసే శనివారం కార్యక్రమం పోయింది, గ్రంథాలయంలో పాటలు నేర్పే తరగతి పోయింది. గురువారం గురువారం కలిసి భోంచేసే ఐదుగురు స్నేహితురాళ్లు తేదీ మార్చుకుని ఆ సంగతి ఆమెకి చెప్పడం మరిచిపోయారు. ఆఖరిసారి బృందం రిహార్సల్ చేసే క్లబ్బుకి వెళ్లినప్పుడు, మాతే అనే ఆకు టీ పోసిన బుర్ర చేతులు మారుతూ వచ్చి, ఆమె పక్క మనిషి దగ్గర ఆగి, ఆమెని దాటి అవతలి మనిషికి వెళ్లింది. ఒకే గొట్టంతో అందరూ తాగే ఊళ్లో అంతకన్నా చెప్పాల్సింది ఏముంటుంది? అప్పుడు లేచి వచ్చేసింది. మళ్లీ వెళ్లలేదు.

ఇప్పుడు ఆ జుల్మాయే వచ్చి ఆమె వంటింట్లో కూర్చుంది.

జుల్మా ఏమీ చుట్టూ చూడలేదు. ఈ ఇంట్లో ఏ గ్లాసు ఎక్కడుంటుందో ఆమెకి తెలుసు. అద్దాలు కోసే కొట్లో పని కాబట్టి వేళ్లకి ఎప్పుడూ రెండు మూడు ప్లాస్టర్లు ఉంటాయి, ఇవాళా ఉన్నాయి. మాతే బుర్రలో ఆకు సర్ది, ఫ్లాస్కు వంచి, మొదటి బుర్ర తను తాగింది. రెండోది నింపి నిబియా వైపు చూడకుండానే చెయ్యి చాపింది. నిబియా అందుకుంది. రెండు నెలల తర్వాత ఇంకొకరి చేతి మీదుగా వచ్చిన మొదటి బుర్ర అది. కళ్లు చెమ్మగిల్లాయి, తనమీద తనకే చిరాకేసింది.

"చిక్కిపోయావు," అంది జుల్మా.

"ఒక్కదానికి వండుకోడానికి బద్ధకం."

"వంట రానిదానివి బద్ధకమని చెప్పుకోకు."

ఇద్దరూ నవ్వబోయి ఆగిపోయారు. నవ్వే హక్కు ఇంకా ఉందో లేదో ఇద్దరికీ తెలియలేదు.

"నేను నీ క్షమాపణ కోసం రాలేదు నిబియా."

"నేను చెప్పబోవడం లేదు."

"తెలుసులే. ఇరవై తొమ్మిదేళ్లలో ఒక్కసారి చెప్పావు, అదీ బస్సులో నా కాలు తొక్కినప్పుడు." జుల్మా బుర్ర వెనక్కి తీసుకుంది, మళ్లీ నింపింది, కానీ తాగలేదు. "నాకు ఒక్కటే కావాలి. మైకుకి చెప్పిన మాట నా మొహం మీద చెప్పు. మధ్యలో కొయ్యకుండా, మొదటి నించీ చివరిదాకా. నేను ఆ ముక్కని ఎవరెవరి ఫోన్లోనో విన్నాను. నీ నోట వినలేదు."

రెండు నెలలుగా ఈ సంభాషణని నిబియా మనసులో వందసార్లు జరిపించుకుంది. ప్రతిసారీ తనే గెలిచింది. ఆ గెలుపుల్లో జుల్మా వేళ్లకి ప్లాస్టర్లు లేవు, ఫ్యాను గాలికి కదులుతున్న ఆ నెరిసిన జుట్టూ లేదు.

"చెప్తాను," అంది చివరికి. "నేను పదిహేడేళ్ల పిల్లగా క్లబ్బు కంచె బయట నుంచుని రిహార్సల్ వినేదాన్ని. లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. ఆడపిల్ల గొంతు మూర్గాకి పనికిరాదని, ఇంటికి పోయి నూడుల్స్ ఉడికించుకోమని అనేవాళ్లు. నాకు తెలిసి పాతికమంది పిల్లలు అలాగే కంచె బయటే పెళ్లాలైపోయారు, తల్లులైపోయారు, ముసలాళ్లైపోయారు. ఆ నాలుగు చోట్లూ వాళ్లకి బాకీ. నువ్వు కంచె లోపలే ఉన్నావే జుల్మా. కష్టాలు పడ్డావు, నాకు తెలుసు, నీ కష్టం నా కష్టం కన్నా పెద్దది కూడా కావచ్చు. కానీ ఆ కష్టం వేరు. గొంతు చూసి నిన్నెవరూ గేటు దగ్గర ఆపలేదు. నువ్వు బృందంలో ఉండు, చచ్చేదాకా ఉండు, నీ చోట్లో నువ్వుండు. ఆ నాలుగింటిలో మాత్రం నిన్ను లెక్క వెయ్యొద్దు. ఇదీ నేనన్నది. ఇవాళ కూడా అదే అనుకుంటున్నాను."

చెప్పేసింది. ముక్కుసూటి మనిషి అని ఇన్నాళ్లూ అందరూ మెచ్చుకున్న గుణం ఒక జబ్బులా అనిపించింది.

ఎదురింటి పెరట్లో ఎవరో సైకిలు కడుగుతున్నారు, నీళ్ల చప్పుడు వినపడుతోంది.

"బాగా చెప్పావు," అంది జుల్మా. "నువ్వెప్పుడూ బాగానే చెప్తావు. అందుకేగా నీ చేత పాటలు రాయించుకున్నాం." గొంతు మెత్తగానే ఉంది, అందుకే నిబియాకి భయం వేసింది. "ఇప్పుడు నేను చెప్తాను. గొంతు చూసి నన్నెవరూ ఆపలేదు, నిజమే. గేటు దగ్గర నేనే ఒకడిని లోపలికి పంపించి, నేను బయట నిలబడ్డాను. పద్దెనిమిదేళ్లు నిలబడ్డాను. ఆ కంచె నీకు కనపడలేదు, ఎందుకంటే అది నా చొక్కా లోపల ఉండేది. నీకు గుర్తుందా, బస్సులో వెనక సీట్లో నా మొహానికి రంగు వేస్తూ ఏమన్నావో?"

గుర్తుంది. గుర్తులేకపోతే బాగుండేది.

"'నీకు పేరు కావాలే, ఇది నీ పేరు కాదు' అన్నావు. నేనెవరికీ ఏమీ చెప్పలేదు అప్పటికి. మా అమ్మకి కూడా చెప్పలేదు. నువ్వు రంగు పులుముతూ పులుముతూ, 'జుల్మా బాగుంటుంది, మా మేనత్త పేరు, ఆవిడా నీలాగే మొండిది' అన్నావు. ఆ పేరు పెట్టింది నువ్వే. పెట్టిన నోటితోటే రేడియోలో 'ఆమె కాదు' అన్నావు."

"ఆమె కాదని నేననలేదే! చోట్లు ఆమెవి కావన్నాను."

"నువ్వన్నది అదే. నేను విన్నది ఇది. వినే చెవికి కూడా కొంచెం హక్కుంటుంది."

ఇన్నాళ్లూ తనతో వాదించినవాళ్లందరికీ నిబియా సమాధానం చెప్పింది. ఇంటర్నెట్టులో తిట్టినవాళ్లకి చెప్పింది, ఉత్తరం రాసినవాళ్లకి చెప్పింది. పొగిడినవాళ్లకీ చెప్పింది. అవును, పొగిడినవాళ్లు కూడా ఉన్నారు, అదింకో దరిద్రం. జుల్మాలాంటివాళ్లు కనపడితే రోడ్డుకి అవతలి వైపు నడిచే పెద్దమనుషులు 'ధైర్యంగా మాట్లాడారమ్మా, మా సభకి వచ్చి రెండు ముక్కలు చెప్పండి' అని కబురంపారు. వాళ్లని తన గుమ్మం కూడా తొక్కనిచ్చేది కాదు నిబియా. ఆ కబురు చదివిన రోజు అన్నం సయించలేదు. అటువాళ్లు వెలేశారు, ఇటువాళ్లు చంకనెక్కించుకుంటామంటున్నారు, మధ్యలో కూర్చుని గోడలు చూసుకుంటోంది.

"ఒకటడగనా?" అంది, మాట మార్చడానికి కాదు, నిన్నటి నుంచీ మనసులో నలుగుతున్న మాట అది. "నిన్న సాయంత్రం గాలి ఇటు కొట్టింది. క్లబ్బులో రిహార్సల్ వినపడింది. వీడ్కోలు పాట పాడుతున్నారు."

"నీ పాట."

"నా పాటే. మార్చిలో రాసింది. నా పాట నోట వద్దని ఉత్తరంలో సంతకాలు పెట్టినవాళ్లే పాడుతున్నారు, దానికి నేనేమీ అనుకోలేదు. కానీ పై గొంతు లేదు. 'రంగు కడిగేశాక కూడా మమ్మల్ని పోల్చుకునేవాళ్లుంటే, ఆ వీధిలో దించెయ్యి డ్రైవరన్నా' అనే చోట, 'దించెయ్యి' దగ్గర నువ్వు పైకెళ్లాలి. ఎవరూ వెళ్లలేదు. మొత్తం పాటని కిందికి దించేశారు. నీకు జలుబు చేసిందేమో అనుకున్నాను."

"జలుబు!" జుల్మా పకాలున నవ్వింది. ఆ నవ్వులో ముప్పావు వంతు దగ్గే ఉంది. "నీకెవరూ చెప్పలేదా? ఎలా చెప్తార్లే, నీతో మాట్లాడేవాళ్లేరీ. నన్ను తీసేశారే."

"ఎవరు?"

"ఇంకెవరు? వాషింగ్టన్ గాడు. నిన్ను తీసేసిన వారమే."

నిబియాకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. తన ఉద్యోగమూ, పేరూ, స్నేహితులూ పోయింది జుల్మా కోసమని ఇన్నాళ్లూ అనుకుంది. అన్యాయంగానైనా, ఆ అన్యాయం వెనక జుల్మా ఒక మెత్తని కుర్చీలో భద్రంగా కూర్చుందని అనుకుంది. తనని కొట్టిన ప్రతి దెబ్బా ఆమెకి కాపలా అని అనుకుంది. అలా అనుకోవడంలో ఎంతో కొంత ఊరట కూడా ఉందని ఇప్పుడు తెలిసింది.

"డబ్బా నిండా మిఠాయి బన్నులు పట్టుకుని ఇంటికొచ్చాడు," అని చెప్పుకుపోయింది జుల్మా. "వాడు బన్నులు తెచ్చాడంటేనే అనుకున్నాను, ఏదో మూడిందని. 'జుల్మక్కా, ఇదంతా నీ మంచికే. ఊరంతా నీ గురించే మాట్లాడుకుంటున్నారు, పోటీవాళ్లు ప్రశ్నలేస్తారు, పేపర్లవాళ్లు వెంటపడతారు. ఈ ఒక్క ఏడూ విశ్రాంతి తీసుకో' అన్నాడు. విశ్రాంతట! అడిగానా నేను? ఆ నలభై రెండు మందిలో ఒక్కళ్లు మా ఇంటికి రాలేదే. ఒక్కళ్లు. నా పేరు మీద ఉత్తరం రాశారు, నా పేరు మీద నిన్ను వెలేశారు, నా పేరు మీద చప్పట్లు కొట్టుకున్నారు, తర్వాత నాకు ఫోన్ చెయ్యడానికి సిగ్గుపడ్డారు. కొందరు ఎదురైతే నా భుజం నిమురుతున్నారు, శవం దగ్గరికొచ్చినట్టు."

"దొంగ వెధవలు," అంది నిబియా. కోపం వచ్చింది ఆమెకి, చాలా రోజుల తర్వాత నిఖార్సైన కోపం. ఆ కోపంలో కాస్త హుషారు కూడా పుట్టుకొచ్చింది. "చూశావా? చూశావా వాళ్ల సంగతి? నేను..."

"ఆగు." జుల్మా వేలెత్తింది. "చేతులు దులుపుకోకు. వాడు దొంగే. కానీ తలుపు తీసింది నీ నోరు. నువ్వు తీశావు, వాడు దూరాడు. అందుకే ఇందాకంతా నీ మొహం మీద చెప్పమన్నాను. వాడితో నాకు పేచీ లేదు, వాడెంత, పంక్చర్లేసేవాడు. నాకు పేచీ నీతోనే."



గోడ గడియారం నాలుగున్నర దాటింది. జుల్మా సంచిలోంచి ఒక గోధుమరంగు కవరు తీసి బల్ల మీద పెట్టింది. కవరు మీద 'నిబియా అక్కకి' అని వాషింగ్టన్ గుండ్రటి రాత ఉంది. అంటించి ఉంది.

"ఇది ఇమ్మన్నాడు. రేపు పొద్దున ఫైలు పోటీవాళ్లకి ఇచ్చెయ్యాలిట. వీడ్కోలు పాట నీది కాబట్టి నీ ఒప్పుదల లేకుండా పాడడానికి లేదు. నీ బదులు పెట్టుకున్న కొత్త కుర్రాడు వేరే వీడ్కోలు రాశాడు గానీ, అది విని చౌకీదారు కూడా ఆవలించాడట. అందుకని నీదే కావాలి. కానీ నీ పేరు ఉండదు. 'బృందం సమష్టి రచన' అని వేస్తారు. ఐదున్నరకి వాడే వచ్చి తీసుకెళ్తానన్నాడు."

"నా మొహం చూడలేక నిన్ను పంపాడు."

"ఊరికే పంపలేదు." జుల్మా కిటికీ వైపు చూసింది. "నీ సంతకాలు పట్టుకొస్తే నన్ను మళ్లీ కోరస్‌లోకి తీసుకుంటానన్నాడు. పై గొంతు లేక పాట చచ్చిపోయిందని వాడికీ తెలుసు. ఇదీ సంగతి. నీ దగ్గర దాచడం ఇష్టం లేక చెప్తున్నాను. పెట్టమని మాత్రం అడగను. బతిమాలుకోడానికి రాలేదు."

ఒకప్పుడైతే నిబియా ఆ కవరుని నాలుగు ముక్కలు చేసి వాషింగ్టన్ మొహాన కొట్టేది. పేరు! ఆ పేరు కోసం ఐదేళ్లు ఆమె ఎన్ని గుమ్మాలు తొక్కింది! మొదటిసారి కరపత్రం మీద తన పేరు అచ్చులో చూసుకున్న రోజు ఆ కరపత్రాన్ని దిండు కింద పెట్టుకుని పడుకుంది. ఇప్పుడు మళ్లీ పేరు లేకుండా రాయడమంటే మొదలుపెట్టిన చోటికే వచ్చి నిలబడడం. కానీ ఎదురుగా జుల్మా ఉంది. ఆ గొంతుని లెక్కలో పెట్టుకునే ఆమె ప్రతి పాటా రాసింది. ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో, ఏ అక్షరం దగ్గర తలెత్తుతుందో చూసుకుని రాసింది. ఆ గొంతు లేకపోతే ఆ పాట కింద ఎవరి పేరుంటే ఏమిటి?

అలసిపోయింది కూడా. నిజం చెప్పాలంటే అందులో సగం ప్రేమ, సగం అలసట.

"కలం ఇవ్వు," అంది.

"నిబియా, ఆలోచించుకో."

"ఆలోచించడం వల్లే ఇంతదూరం వచ్చింది. ఇవ్వు."

కవరు చింపింది. ముక్కు మీదికి కళ్లద్దాలు తోసుకుంది. పోటీవాళ్లకి ఇచ్చే ఫైలులో ఒక రివాజుంది. పాట రాసిన మనిషి ప్రతి కాగితం అడుగునా పొట్టి సంతకం చెయ్యాలి, అది పాట కాగితమైనా సరే, పాడేవాళ్ల జాబితా అయినా సరే. ఏ గొంతు కోసం రాశారో ఆ గొంతే పాడుతోందని దానికి సాక్ష్యం. ఇన్నేళ్లూ ఆ ఫైలు కట్టింది నిబియానే. ఈ ఏడు మొదటిసారి వాషింగ్టన్ తనే కట్టుకున్నాడు. ఏ కాగితం ఎవరి కంట పడుతుందో అతనికి అనుభవం లేదు. అన్నీ కలిపి పిన్ను కొట్టేశాడు.

మొదటి కాగితం ఒప్పుదల పత్రం. సంతకం చేసింది. రెండోది పాట మొదటి సగం. చేసింది. మూడోది రెండో సగం, 'దించెయ్యి డ్రైవరన్నా' ఉన్నది. ఒక్క క్షణం ఆగి, దానికీ చేసింది. చేతిలోంచి పేరు పోతున్నట్టు పెద్ద బాధేమీ కలగలేదు. పన్ను పీకించుకున్నాక ఉండే మొద్దుతనం లాంటిదే కలిగింది.

నాలుగో కాగితం పాడేవాళ్ల జాబితా.

పైన ఆడవాళ్లు, నలుగురు. మొదటి ముగ్గురూ తెలిసినవాళ్లే. నాలుగో పేరు కాండెలా ఫ్రోస్. పంతొమ్మిదేళ్ల పిల్ల. మూడేళ్లుగా క్లబ్బు కంచె పట్టుకుని నిలబడి, అన్ని పాటలూ బయట నుంచే పాడేస్తూ ఉంటుంది. ఆ పిల్లని లోపలికి పిలవరా అని వాషింగ్టన్‌తో నిబియా ఎన్నిసార్లు పోట్లాడిందో. పిలిచాడు, చివరికి. నిబియా గుండె ఒక్కసారి తేలికపడింది. తను అడిగింది ఇదే. రేడియోలో నోరు తెరిచింది ఈ పిల్ల కోసమే.

దాని కింద మగవాళ్లు. ఒకటి, రెండు, మూడు. ఎనిమిదో పేరు దగ్గర ఆమె చూపు ఆగిపోయింది.

అది జుల్మా పుట్టినప్పుడు పెట్టిన పేరు. నాలుగేళ్ల కిందట గుర్తింపు కార్డులోంచి కూడా చెరిపించుకున్న పేరు. జుల్మా తల్లి పోయాక ఈ పేటలో ఎవరి నోటా వినపడని పేరు. వాషింగ్టన్ పాత ఫైల్లోంచి ఎత్తి రాశాడు. ఆ పేరైతే ఆడవాళ్ల లెక్కలోకి రాదు, పోటీవాళ్లు ప్రశ్నించరు, పై గొంతు వచ్చేస్తుంది, కాండెలాకి చోటు దొరుకుతుంది. అందరికీ హాయి. ఎంత శుభ్రంగా సర్దాడు!

బృందంలో ఉండు, నీ చోట్లో నువ్వుండు, ఆ నాలుగింటిలో మాత్రం లెక్క వెయ్యొద్దు. పావుగంట కిందట ఈ బల్ల దగ్గరే అన్నదీ అదే, అక్టోబరులో ఊరంతటికీ చెప్పిందీ అదే. గాల్లో ఉన్నప్పుడు అది న్యాయంగానే వినపడింది. కాగితం మీద పెడితే ఇలా ఉంటుందని ఆమె ఎప్పుడూ ఊహించలేదు.

"ఏమైందే?" అంది జుల్మా. "సిరా అయిపోయిందా?"

"నువ్వు దీన్ని చూశావా?"

"అంటించిన కవరు, నీ పేర వచ్చింది. నేనెందుకు చూస్తాను?" నిబియా మొహం చూసి ఆమె గొంతు మారింది. "నా పేరుందా అందులో?"

జుల్మా లేచి, బల్ల చుట్టూ వచ్చి, నిబియా ముక్కు మీద నుంచి కళ్లద్దాలు తీసి తను పెట్టుకుంది. కాగితం లాక్కుంది. ఆడవాళ్ల పేర్లు పైకే చదివింది. "కాండెలా. మంచి పిల్ల. బాగుంది," అంది. తర్వాత మగవాళ్ల పేర్లు చదవడం మొదలుపెట్టింది, తన పక్కన నిలబడి పాడినవాళ్ల పేర్లు, ఒకటొకటిగా. ఏడుదాకా చదివింది.

ఎనిమిదోది పైకి చదవలేదు.

బయట కారు వచ్చి ఆగింది. డోరు చప్పుడు, ఈల పాట, చెప్పుల చప్పుడు. వాషింగ్టన్ ముందే వచ్చేశాడు.

"ఈ ఆలోచన వాడికెవరిచ్చారే?" అని అడిగింది జుల్మా. కోపంగా అడగలేదు. దారి తప్పిన మనిషి వీధి పేరు అడిగినట్టు అడిగింది.

అబద్ధం ఆడొచ్చు. వాడి సొంత తెలివి అనొచ్చు. పాత ఫైలు, పొరపాటు అనొచ్చు. ముప్పై నాలుగేళ్లు పదాలతో బతికిన మనిషికి ఒక పదం దొరక్కపోతుందా?

"నేనే," అంది నిబియా.

బెల్లు మోగింది. "నిబియా అక్కా! సంతకాలయ్యాయా?" అని గుమ్మంలోంచి వాషింగ్టన్ హుషారుగా పిలిచాడు.

జుల్మా తలుపు వైపు చూడలేదు. కాగితాన్ని నిబియా ముందు పెట్టి, రెండు చేతులతో చదును చేసింది. బల్ల మీద దొర్లిపోతున్న కలాన్ని పట్టుకుని నిబియా వేళ్ల మధ్య పెట్టింది.

"అయితే పెట్టు," అంది. "నువ్వడిగిందేగా వాడు రాసింది. ఇక్కడ పెట్టు, ఎనిమిదో పేరు పక్కనే. నేను చూస్తాను."

వాషింగ్టన్ రెండోసారి బెల్లు కొట్టాడు.